లెక్కలోకి రానివారు: మెదడు ధమని శస్త్రచికిత్స కథ

చెరువుకట్ట గాని కాలువగట్టు గాని ఒక్కనాడు తెగదు. ప్రవాహపు తాకిడి ఏళ్ళ తరబడి ఒకేచోట తగులుతూ వస్తే అక్కడి మట్టి కొద్దికొద్దిగా వదులై, గట్టు వెలుపలికి ఉబ్బుతుంది. ఉబ్బినచోటు పలుచనవుతుంది, పలుచనైనచోటు ఒక రాత్రివేళ గండిపడుతుంది. తెల్లవారి వచ్చి చూచినవారికి గట్టు ఆ రాత్రే పాడైనట్లు తోస్తుంది. నీటి స్వభావమెరిగిన రైతు మాత్రం ఆ గండి ఏనాడో ఆరంభమైనదని గ్రహిస్తాడు.

నిజామాబాదు జిల్లా ఏర్గట్ల ప్రాంతంలో ఈ సంగతిని విప్పి చెప్పవలసిన పనిలేదు. ఎగువన పోచంపాడువద్ద గోదావరికి కట్టిన శ్రీరాంసాగరం, చుట్టూ పసుపు, మొక్కజొన్న, ఎర్రజొన్న పండే చేలు, ఊరూర చెరువులు - నీటికీ గట్టుకూ గల సంబంధం అక్కడి బడిపిల్లలకుగూడ తెలిసినదే. మనిషి తలలో సరిగా ఇటువంటి ప్రమాదమే ఒకటి పొంచియుంటుంది.

మెదడుకు నెత్తురు తెచ్చే ధమనులు కపాలపు అడుగుభాగాన ఒకదానితోనొకటి కలిసి వలయంగా ఏర్పడుతాయి. ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్ 1664లో ప్రచురించిన గ్రంథంలో దీనిని వివరంగా వర్ణించినందువల్ల దీనికి 'విల్లిస్ వలయ'మని పేరు వచ్చినది. ఈ వలయంలో ధమని రెండు పాయలుగా చీలే మొనలవద్ద గుండె కొట్టుకొన్నప్పుడల్లా నెత్తురు వచ్చి తాకుతుంది. ఆ తాకిడికి గోడ బలహీనపడినచోట చిన్న బుడగవలె ఉబ్బెత్తు లేస్తుంది. కొమ్మను పట్టుకొని వ్రేలాడే రేగుపండువలె, సన్నని మెడతో ధమనిని అంటిపెట్టుకొనియుండే ఈ బుడగకు వైద్యశాస్త్రంలో ఎన్యూరిజం అని పేరు. నూరుగురు పెద్దవారిని పరీక్షిస్తే ఇద్దరు ముగ్గురిలో ఇది కనబడవచ్చునని అంచనా. వారిలో ఎక్కువమంది దాని ఉనికినే ఎరుగక నిండుజీవితం గడుపుతారు.

అది పగిలినప్పుడు మాత్రం కథ వేరు. మెదడును కప్పియుండే పలుచని పొరల నడుమ నెత్తురు వెల్లువవలె వ్యాపిస్తుంది. అట్లు పగిలినవారిలో పదిమందికి ఒకరికి పైగా ఆసుపత్రి గడప తొక్కకమునుపే మరణిస్తారు. మొత్తంమీద మూడవవంతుకు తక్కువ కాకుండా ప్రాణాలు పోతాయి. బ్రతికినవారిలోగూడ చాలామందికి మాటలోనో, నడకలోనో, జ్ఞాపకశక్తిలోనో లోటు మిగులుతుంది. ఈ ఆపద ఎక్కువగా వచ్చేది నలభై, అరవై ఏళ్ళ నడుమ, అనగా ఇంటి బరువును మోసే వయస్సులో.

ఈ బుడగను మూయడానికి వైద్యులు చేసిన ప్రయత్నాల చరిత్ర మానవుని బుద్ధికీ, చేతి నేర్పుకూ గొప్ప నిదర్శనము. కాని ఆ చరిత్రను ఆదినుండీ ఒక ప్రశ్న వెంటాడుతూ వచ్చినది. వైద్యుని చేతికి అందినవారి లెక్క పుస్తకాలలో ఉన్నది. అందనివారి లెక్క ఎక్కడ ఉన్నది?

తూము మూసిన వైద్యులు

ఎన్యూరిజం మెదడులోనే కాక శరీరంలో ఇతర ధమనులకుగూడ వస్తుంది. 1785లో లండన్ నగరంలో జాన్ హంటర్ అనే శస్త్రవైద్యునివద్దకు మోకాలి వెనుక ఇట్టి వాపుతో ఒక బండివాడు వచ్చినాడు. కాలు తీసివేయడమే ఆనాటి ఆచారము. హంటర్ వాపు జోలికి పోకుండా, దానికి ఎగువన తొడలోని ధమనిని ముడివేసినారు. నెత్తురు పక్కనున్న చిన్న నాళాలగుండా దారి చేసుకొని కాలిని పోషించినది. వాపు తగ్గినది, కాలు నిలిచినది. 1808లో ఆయన శిష్యుడు ఆస్ట్‌లీ కూపర్ మెడలో పుట్టిన ఎన్యూరిజంకై కెరోటిడ్ ధమనిని ముడివేసి రోగిని బ్రతికించినారు. తల లోపలి ఎన్యూరిజంలకుగూడ తరువాతి వైద్యులు చాలాకాలం ఈ మార్గాన్నే అనుసరించినారు.

ఈ పద్ధతిలోని కష్టం రైతుకు సులభంగా బోధపడుతుంది. దిగువన గట్టు ఉబ్బినదని ఎగువన తూము మూసివేస్తే గండిభయం తగ్గును గాని ఆయకట్టు ఎండిపోతుంది. మెడలోని ధమనిని ముడివేస్తే కొందరికి విల్లిస్ వలయంలోని అవతలి ధమనులు నెత్తురు అందించి కాపాడేవి. వలయం అసంపూర్ణంగా ఉన్నవారికి సగం మెదడు ఎండి పక్షవాతం వచ్చేది. ఎవరికి ఏది జరుగునో ముందుగా చెప్పడం కష్టము.

మెదడువద్దకే పోయి బుడగను మూయవచ్చుగదా అంటే, అందుకు మూడు వసతులు కావలెను: రోగికి నొప్పి తెలియకుండా చేయగల మత్తు, జబ్బును పోల్చుకొనగల జ్ఞానము, బుడగ ఎక్కడున్నదో చూపగల సాధనము.

మొదటి దాని చరిత్రలో మన హైదరాబాదుకు చోటున్నది. నిజామాబాదు ఆనాడు ఏ రాజ్యంలో భాగమో ఆ రాజ్యపు రాజధానిలో, వైద్య పాఠశాల అధిపతియైన ఎడ్వర్డ్ లారీ పూనికతో, నిజాం ప్రభుత్వపు ధనసహాయంతో 1888లోనూ 1889లోనూ రెండు క్లోరోఫారం కమిషన్లు పనిచేసినవి. క్లోరోఫారం మత్తులో ప్రాణాలు ఎందుకు పోతున్నవి అనేది వారి విచారణ. ఊపిరి ఆగడంవల్లనే ప్రమాదమనీ, గుండెకు నేరుగా హాని లేదనీ వారు తేల్చినారు. గుండెకుగూడ హాని ఉన్నదని తరువాతి పరిశోధనలో రుజువైనది. ఐనను మత్తు ఇచ్చేవాడు రోగి ఊపిరిని కనిపెట్టియుండవలెననే పాఠం లోకానికి బలంగా అందినది. అదే వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలో మొదటితరం మహిళా మత్తువైద్యులలో ఒకరుగా కీర్తిగాంచినారు.

రెండవది జబ్బును పోల్చుకొనే జ్ఞానము. 1891లో జర్మనీ దేశపు వైద్యుడు క్వింకె నడుములో వెన్నెముకల సందున సూది గుచ్చి మెదడునీటిని తీసి పరీక్షించే పద్ధతిని ప్రవేశపెట్టినారు. ఆ నీటిలో నెత్తురు కనబడితే తలలో రక్తస్రావమైనదని తెలిసేది. 1920లో ఇంగ్లండునుండి బోస్టన్‌కు పోయిన యువవైద్యుడు చార్లెస్ సైమండ్స్, సుప్రసిద్ధ శస్త్రవైద్యుడైన హార్వీ కుషింగ్ వద్ద ఒక రోగిని చూచి, ఇది కంతి కాదు, ఎన్యూరిజం అన్నారు. కుషింగ్ కంతి అనే తలచి తల తెరచినారు, రోగి దక్కలేదు. మరణానంతర పరీక్షలో సైమండ్స్ మాటే నిజమైనది. ఇది కాకతాళీయమో, నిజంగా ఆధారమున్నదో తేల్చుమని కుషింగ్ ఆ యువకునికే పని అప్పగించినారు. పాతరికార్డులన్నీ తిరగవేసి సైమండ్స్ 1923లో వెలువరించిన వ్యాసంవల్ల ఈ జబ్బు లక్షణాలు వైద్యలోకానికి స్పష్టమైనవి.

మూడవది చూపు. 1927లో లిస్బన్ నగరంలో ఎగాస్ మోనిజ్ మెడలోని ధమనిలోకి ఎక్స్‌రేకు కనబడే ద్రవాన్ని ఎక్కించి, మెదడులోని నాళాలను చెట్టు కొమ్మలవలె ఛాయాచిత్రంలో చూపించినారు. అంతవరకు కపాలపు చీకటిలో దాగియున్న బుడగకు ఇక అడ్డు తొలగినది.

కండముక్కనుండి వెండిక్లిప్పు వరకు

మంజీరపై నిజాంసాగరం పూర్తియైన 1931లోనే ఎడింబరో నగరంలో నార్మన్ డాట్ ఒక సాహసం చేసినారు. ఆయన రోగి ఒక న్యాయవాది. తలలో పదేపదే రక్తస్రావమై చావుకు దగ్గరైనాడు. ఏప్రిల్ 22న డాట్ ఆయన తల తెరచి, ధమనివెంట లోపలికి పోయి బుడగను చేరేసరికి అది పగిలినది. రోగి కాలినుండి అప్పుడే కోసి తీసిన కండముక్కను గండిపై అదిమి పన్నెండు నిమిషాలపాటు పట్టుకొన్నారు. నెత్తురు ఆగినది. తరువాత కండను చుట్టి గోడను బలపరచినారు. గండిలో మట్టిబస్తా వేసినట్లే ఈ చికిత్స. రోగి కోలుకొని మరికొన్ని సంవత్సరాలు బ్రతికినాడు. బుద్ధిపూర్వకంగా మెదడులోని ఎన్యూరిజంపై నేరుగా చేసిన మొదటి శస్త్రచికిత్స ఇదే.

బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమైన 1937లో అమెరికాలోని బాల్టిమోర్ నగరాన వాల్టర్ డాండీ దీనికంటె గట్టి ఉపాయం కనుగొన్నారు. ఆయన రోగికి 43 ఏళ్ళు. ఒక కనురెప్ప వాలిపోయి, ఆ కంటిపాప పెద్దదైనది. కంటిని కదిలించే నరాన్ని బుడగ ఒత్తుతున్నదని డాండీ ఊహించినారు. మార్చి 23న తల తెరచి, బుడగ మెడకు వెండితో చేసిన చిన్న క్లిప్పును బిగించి, బుడగను విద్యుత్తుతో కాల్చి ముడుచుకొనిపోవునట్లు చేసినారు. ధమనిలో ప్రవాహం ఆగలేదు. బుడగలోకి మాత్రం నెత్తురు పోలేదు. తూము మూయకుండా, మట్టిబస్తా వేయకుండా, ఉబ్బెత్తునొక్కదానినే ప్రవాహంనుండి వేరుచేయడమన్నమాట. నేటి శస్త్రచికిత్సకు మూలసూత్రం ఆనాడే ఏర్పడినది.

ఐతే వెండిక్లిప్పును ఒకసారి నొక్కితే మరల తెరవడం కష్టము. చోటు తప్పితే దిద్దుకొనే వీలులేదు. 1950ల దశకంలో అమెరికాలో ఫ్రాంక్ మేఫీల్డ్, జార్జి కీస్ అనేవారు స్ప్రింగు క్లిప్పులను రూపొందించినారు. తీగపై ఆరవేసిన బట్టలకు పెట్టే క్లిప్పువలె దీనిని తెరచి, తీసి, సరియైనచోట మరల పెట్టవచ్చును. చిన్న మార్పే, కాని శస్త్రవైద్యుని చేతికి తప్పు దిద్దుకొనే అవకాశమిచ్చిన మార్పు. కెనడాలో చార్లెస్ డ్రేక్ మెదడుకాండం ఎదుటనుండే బేసిలార్ ధమని బుడగలకు, ఎవరూ సాహసించని చోటికి, దారి చూపినారు. పక్కనున్న నాళాన్నో నరాన్నో నొక్కకుండా దానిని తన రంధ్రంలోనుండి పోనిచ్చే క్లిప్పు ఆయన కల్పనయే.

నిరీక్షణలో పోయిన ప్రాణాలు

పరికరాలు ఇంత మెరుగైనప్పటికీ 1950, 1960 దశకాలలో ఒక పెద్ద చర్చ వైద్యులను రెండుగా చీల్చినది. రక్తస్రావమైన వెంటనే తల తెరవడమా, కొంతకాలం ఆగడమా? వెంటనే తెరిస్తే మెదడు వాచి, ఎర్రబారి, తాకితే నలిగిపోయే స్థితిలో ఉండేది. రెండుమూడు వారాలు ఆగినవారికి శస్త్రచికిత్స సులభమయ్యేది, ఫలితాలు బాగుండేవి. అందుచేత ఆగడమే మేలని చాలామంది తీర్మానించినారు.

ఈ లెక్కలో ఒక లోపమున్నది. ఎన్యూరిజం ఒకసారి పగిలితే మరల పగిలే ప్రమాదం మొదటి ఇరవైనాలుగు గంటలలోనే ఎక్కువ. ఆ తరువాతి రోజులలోగూడ భయం తీరదు. పైగా మూడవ రోజునుండి రెండు వారాలవరకు మెదడు ధమనులు బిగుసుకొనిపోయి నెత్తురు అందక మెదడు దెబ్బతినవచ్చును. కనుక మూడు వారాలు నిరీక్షించి శస్త్రచికిత్స బల్లపైకి చేరినవాడు అప్పటికే రెండు గండాలు గడచినవాడు. గడవనివారు వార్డులోనే కన్నుమూసినారు. వారి మరణాలు శస్త్రచికిత్సల పట్టికలో చేరలేదు. పరీక్షకు రానివారిని విడిచి, వచ్చినవారి మార్కులతోనే తరగతి ఉత్తీర్ణతను కట్టిన ఉపాధ్యాయుని లెక్క ఎట్టిదో ఇదీ అట్టిదే.

ఆసుపత్రిలో చేరిన ప్రతివానినీ, శస్త్రచికిత్స జరిగినా జరగకపోయినా, మొదటి రోజునుండి లెక్కలో పెట్టుకొని చేసిన పరిశీలనలు తరువాత వచ్చినవి. పలు దేశాల ఆసుపత్రులు కలిసి మూడున్నరవేలమంది రోగులపై చేసిన ఒక విస్తృత అధ్యయనం 1990లో వెలువడినది. అందులో నిరీక్షణకుగూడ ప్రాణాల రూపంలో వెల ఉన్నదని తేలినది. జపాను శస్త్రవైద్యులు అంతకుముందే త్వరిత చికిత్సవైపు మొగ్గినారు. నేడు వీలైనంతవరకు మొదటి ఇరవైనాలుగు గంటలలో, తప్పినచో మూడు రోజులలోపల బుడగను మూయడమే సర్వత్ర ఆచారమైనది. ధమనులు బిగుసుకొనడంవల్ల కలిగే హానిని తగ్గించే నిమోడిపైన్ అనే మందు గుణం 1983లో ప్రచురితమైన పరిశీలనతో రుజువై, త్వరిత చికిత్సకు తోడైనది.

త్వరగా తల తెరచి మెదడును నలపకుండా పనిచేయడం సాధ్యమైనది సూక్ష్మదర్శినివల్లనే. 1957లో లాస్ ఏంజెలిస్‌లో థియొడోర్ కుర్జె శస్త్రచికిత్సా సూక్ష్మదర్శినిని మెదడు శస్త్రచికిత్సలో ప్రవేశపెట్టినారు. తుర్కీదేశంలో జన్మించిన గాజి యాసర్‌గిల్ అమెరికాలో డొనాగీ ప్రయోగశాలలో సూక్ష్మనాళాలను కుట్టడం అభ్యసించి, 1967నుండి జ్యూరిక్ నగరంలో ఆ విద్యను పరిపూర్ణం చేసినారు. మెదడు మడతలనడుమ సహజంగా ఉన్న నీటిసందులవెంటనే నడచి, మెదడును పక్కకు తోయకుండా ధమనిని చేరడం ఆయన మార్గము. చేనికి గట్టువెంట నడచిపోయేవాడు పైరును తొక్కడుగదా.

తెలుగునాటికి వచ్చిన విద్య

భారతదేశంలో ఈ విద్య స్వాతంత్ర్యం వచ్చిన రెండుమూడు ఏళ్ళలోనే వేళ్ళూనినది. కెనడాలో శిక్షణ పొంది వచ్చిన డాక్టర్ జేకబ్ చాందీ 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మెదడు శస్త్రచికిత్సా విభాగాన్ని ఆరంభించినారు. 1950లో డాక్టర్ బి. రామమూర్తి మద్రాసు జనరల్ ఆసుపత్రిలో అట్టి విభాగాన్నే నెలకొల్పినారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడు మద్రాసు రాష్ట్రంలోనివే కనుక అక్కడి తెలుగువారికి ఆ ఆసుపత్రి రాజధాని ఆసుపత్రియే. 1951లో మద్రాసులో భారత నాడీశాస్త్రవేత్తల సంఘం ఏర్పడినది. మద్రాసులో తరువాత రామమూర్తిగారి ఆధ్వర్యాన వెలసిన నాడీ శస్త్రచికిత్సా కేంద్రానికి తెలుగువాడైన ఆయుర్వేద వైద్యుడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి పేరు పెట్టడం తెలుగువారికి తలచుకొనదగిన సంగతి.

ఆంధ్రప్రాంతంలో విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రిలో డాక్టర్ ఎస్. బాలపరమేశ్వరరావు ఈ శాఖకు పునాదులు వేసినవారిలో ప్రముఖులు. హైదరాబాదులో ఉస్మానియా ఆసుపత్రి, ఆ తరువాత నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రినుండి ఎదిగిన నిమ్స్ సంస్థ ఈ విద్యకు నెలవులైనవి. నిమ్స్‌కు డైరెక్టరుగా పనిచేసిన డాక్టర్ డి. రాజారెడ్డి మెదడు శస్త్రవైద్యులేగాక, ఫ్లోరైడు నీటివల్ల వెన్నుపాముకు కలిగే హానినిగూర్చి పరిశోధించినవారు. దక్కను నాణేల చరిత్రలోనూ పండితులు.

ఈ తరం వైద్యులకు ఒక విచిత్రం కనిపించినది. పాశ్చాత్య గ్రంథాలలో ఎన్యూరిజం సామాన్యమైన జబ్బు. ఇక్కడి వార్డులలో అది అరుదు. 1969లో రామమూర్తిగారు అమెరికాలోని ప్రసిద్ధ నాడీ శస్త్రచికిత్స పత్రికలో భారతదేశంలో ఎన్యూరిజంల సంఖ్యనుగూర్చి ఒక వ్యాసం ప్రచురించి, ఇక్కడ అవి తక్కువగా కనబడుతున్నవని తెలిపినారు. ఆహారభేదమా, జాతిభేదమా, ధమనుల నిర్మాణంలోనే భేదమా అని చర్చ సాగినది.

సీటీ స్కాన్ యంత్రాన్ని గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ నిర్మించగా 1971లో ఇంగ్లండులో తొలిసారి రోగిని పరీక్షించినారు. ఆ యంత్రం భారతదేశపు నగరాలకు, ఆపై జిల్లా పట్టణాలకు చేరినకొద్దీ ఇక్కడి ఎన్యూరిజం రోగుల సంఖ్య పెరుగుతూ వచ్చినది. జబ్బు కొత్తగా పుట్టలేదు; చూచే కన్ను వచ్చినది. నిజంగానే మన దేశంలో ఇది కొంత తక్కువ కావచ్చునని తలచేవారు నేటికీ ఉన్నారు. కాని ఆనాటి అరుదుతనంలో పెద్దభాగం వేరొక కారణంవల్ల వచ్చినదని చెప్పక తప్పదు. చేనిలో కుప్పకూలిన మనిషి బండిపై పట్టణానికి చేరేలోగా ప్రాణం విడిస్తే, ఆ మరణం ఏ ఆసుపత్రి పుస్తకంలో వ్రాస్తారు? గాలి సోకినదన్నారు, పక్షవాతమన్నారు, ఆయుస్సు తీరినదన్నారు. యూరపులో శస్త్రవైద్యుల పట్టికనుండి జారిపోయినవారు వార్డులో మరణించినవారు. మన పట్టికనుండి జారిపోయినవారు దారిలో మరణించినవారు.

కపాలం తెరవని చికిత్స

ఇంతలో మరొక మార్గం తెరచుకొన్నది. ధమని బయటనుండి కాక లోపలినుండే పోయి బుడగను ఎందుకు మూయరాదు? 1970ల దశకంలో మాస్కోలో ఫెదోర్ సెర్బినెంకో సన్నని గొట్టపు కొనకు చిన్న బెలూనును అమర్చి, ధమనులగుండా మెదడువరకు నడిపి, అక్కడ విడిచివచ్చే పద్ధతిని కనుగొన్నారు. ఇటలీనుండి వచ్చిన గైడో గుగ్లియెల్మి 1990లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బెలూనుకు బదులు వెంట్రుకవంటి ప్లాటినం తీగచుట్టను వాడినారు. గజ్జలవద్ద ధమనిలో ప్రవేశించిన గొట్టం గుండె పక్కగా మెడ దాటి బుడగలోకి చేరుతుంది. తీగ లోపల ఉండగా చుట్టుకొని బుడగను నింపుతుంది. అప్పుడు స్వల్పమైన విద్యుత్తు పంపితే తీగ కాడనుండి విడిపోతుంది. నింపిన బుడగలో నెత్తురు గడ్డకట్టి, ప్రవాహం దాని జోలికి పోదు.

క్లిప్పు మేలా, తీగచుట్ట మేలా అనే వివాదానికి 2002లో వెలువడిన అంతర్జాతీయ పరీక్ష కొంత సమాధానమిచ్చినది. రెండు పద్ధతులకూ తగినవారని వైద్యులు భావించిన 2,143 మంది పగిలిన ఎన్యూరిజం రోగులను రెండు జట్లుగా విభజించి చూచినారు. ఏడాది తరువాత మరణించినవారు, పరాధీనులైనవారు కలిసి తీగచుట్ట జట్టులో నూటికి 23.7 మంది, క్లిప్పు జట్టులో 30.6 మంది. ఐతే తీగచుట్ట పెట్టినచోట బుడగ మరల తెరచుకొనే అవకాశం కొంత ఎక్కువ. క్లిప్పు ఎక్కువ స్థిరము. మెడ వెడల్పుగా ఉన్నవాటికి, కొన్నిచోట్ల ఏర్పడినవాటికి, మెదడులో నెత్తురు గడ్డ కూడినవాటికి నేటికీ కత్తియే శరణ్యము. 2011లో అమెరికాలో అనుమతి పొందిన జాలీగొట్టాలు బుడగను ముట్టకుండానే ధమనిలో ప్రవాహాన్ని దారి మళ్ళిస్తాయి. ఒక పద్ధతి మరొకదానిని వెళ్ళగొట్టలేదు. ప్రతి రోగికీ తగినదానిని ఎన్నుకొనే స్వేచ్ఛ వైద్యునికి లభించినది.

ఏర్గట్లనుండి ఎంత దూరం?

నేడు హైదరాబాదులో ఈ రెండు చికిత్సలూ జరుగుతున్నవి. ఏర్గట్లనుండి మోర్తాడ్, ఆర్మూర్ మీదుగా పోతే నిజామాబాదు. ఆర్మూర్‌నుండి జాతీయ రహదారిపై కామారెడ్డి దాటిపోతే హైదరాబాదు. ఈ రెండవ ప్రయాణం రెండువందల కిలోమీటర్లకు పైమాటే. 2005లో ఆరంభమైన 108 అంబులెన్సు, 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ, 2013లో నిజామాబాదులో ఏర్పడిన ప్రభుత్వ వైద్య కళాశాల ఈ దూరాన్ని కొంత తగ్గించినవి. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచినది. శాస్త్రం చేయవలసినది చాలావరకు చేసినది. రహదారి ఉన్నది, బండి ఉన్నది. ఇక మిగిలిన దూరం ఇంటి అరుగునుండి ఆ బండివరకు. ఆ దూరాన్ని తగ్గించగలది తెలివిడి ఒక్కటే.

ఆ తెలివిడి పెద్ద చదువు కాదు. పగిలిన ఎన్యూరిజం తలనొప్పి మామూలు తలనొప్పివలె మెల్లగా రాదు. పిడుగుపడినట్లు క్షణంలో, నిమిషంలోపల తారాస్థాయికి చేరుతుంది. జీవితంలో ఇంతటి నొప్పి ఎరుగనని రోగియే అంటాడు. దానితో వాంతి, మెడ పట్టేసినట్లు వంగకపోవడం, వెలుతురు చూడలేకపోవడం, కొంతసేపు స్పృహ తప్పడం, మూర్ఛ రావడం ఉండవచ్చును. ఒక కనురెప్ప హఠాత్తుగా వాలి, ఆ కంటిపాప పెద్దదైతే, 1937లో డాండీ రోగికి కనిపించిన గుర్తే అది. బుడగ పగలకమునుపే ఇచ్చే హెచ్చరికగూడ కావచ్చును. కొందరిలో స్వల్పంగా కారిన నెత్తురువల్ల వచ్చిన తీవ్రమైన నొప్పి ఒకటి రెండు రోజులలో తగ్గిపోతుంది. తగ్గినదికదా అని ఊరకుండడమే పెద్ద ప్రమాదము. రెండవసారి పగిలినప్పుడు బ్రతుకు దక్కడం దుర్లభము.

అట్టివేళ నుదుట శొంఠిపట్టు వేసి పడుకోబెట్టడం, మంత్రం వేయించడం, దుకాణంలో దొరికే నొప్పిమాత్ర మింగించి తెల్లవారేవరకు చూడడం కాలహరణమే. నొప్పిమాత్రలలో ఆస్పిరిన్ నెత్తురు గడ్డకట్టడాన్ని అడ్డగిస్తుంది కనుక అది మరింత కీడు. రోగిని కదలకుండా పడుకోబెట్టి, స్పృహ లేకుంటే పక్కకు తిప్పి, నోట ఏమీ పోయకుండా, 108కు ఫోను చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి నేరుగా చేర్చడమే కర్తవ్యము. నొప్పి మొదలైన ఆరు గంటలలోపల మంచి యంత్రంతో స్కాన్ తీసి, నిపుణుడు చూస్తే ఈ రక్తస్రావం దాదాపు తప్పిపోకుండా కనబడుతుంది. రోజులు గడచినకొద్దీ నెత్తురు పలచబడి స్కాన్‌కు చిక్కదు. అప్పుడు క్వింకె చూపిన సూదిపరీక్షయే ఆధారము.

రాకుండా కాపాడుకొనే మార్గాలుగూడ ఉన్నవి. రక్తపుపోటు, పొగత్రాగడం, మితిమీరిన మద్యం - ఎన్యూరిజం పగలడానికి తోడ్పడే మూడు శత్రువులు. బీడీలు చుట్టే పని నిజామాబాదు జిల్లాలో వేలాది ఇళ్ళకు, ముఖ్యంగా స్త్రీలకు, కూడు పెడుతున్నది. చుట్టే చేయి వేరు, తాగే నోరు వేరు. ఆ బీడీ పొగ ధమని గోడను బలహీనపరుస్తుందని తాగేవారికి తెలియడం అవసరము. రక్తపుపోటు ఉన్నదో లేదో ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలోనే చూపించుకొనవచ్చును. ఒకే కుటుంబంలో తోబుట్టువులలోగాని తల్లిదండ్రులలోగాని ఇద్దరికి ఈ జబ్బు వచ్చియుంటే మిగిలినవారు వైద్యుని సలహా తీసికొనడం మంచిది.

హంటర్ ముడినుండి గుగ్లియెల్మి తీగవరకు రెండు శతాబ్దాలకు పైగా పట్టినది. ఈ కాలంలో వైద్యులు నేర్చుకొన్న అన్ని పాఠాలలో కష్టమైనది చేతినేర్పుకు సంబంధించినది కాదు. తమ బల్లపైకి చేరినవారిని మాత్రమే లెక్కిస్తే జబ్బు స్వరూపం తమకు తెలియదని గుర్తించడమే ఆ పాఠము. ఆ గుర్తింపు వచ్చిన తరువాతనే వార్డులో నిరీక్షిస్తూ మరణించేవారి సంఖ్య తగ్గినది. దారిలో మరణించేవారి సంఖ్య తగ్గడం ఆసుపత్రి చేతిలో లేదు. అది ఊరి చేతిలో ఉన్నది. ఊరిలో నలుగురికి చెప్పగల బడి చేతిలో ఉన్నది. శరీరధర్మశాస్త్రపు పాఠంలో గుండె, నాళాలు చెప్పేరోజున పిడుగువంటి తలనొప్పి సంగతిని ఐదు నిమిషాలు చెబితే, ఆ సాయంత్రం ఇంటికి పోయిన పిల్లవాడు తల్లికి చెబుతాడు. ఏనాడో ఒకనాడు ఆ ఇంటిలోనో పక్క ఇంటిలోనో ఆ మాట అక్కరకు వస్తే, ఒక మనిషి పేరు ఆసుపత్రి పుస్తకంలోకి చేరుతుంది. ప్రాణంతో చేరుతుంది.